చెత్త సెల్ అడుగుకు 2 శాతం వాటం ఎందుకు?

విశాఖ చెత్త చేరే కాపులుప్పాడ లాంటి చోట కొత్త ల్యాండ్‌ఫిల్ సెల్, అంటే చెత్త పూడ్చే అర, అడుగును వాటం (వాలు) లేకుండా చదునుగా వేస్తే ఏమవుతుందని అడిగారు. చెత్తలోంచి దిగే మురుగు ఊట, అంటే లీచేట్, అక్కడే నిలుస్తుంది. లైనర్, అంటే ఊట నేలలోకి దిగకుండా అడుగున పరిచే పొర, మీద దాని లోతు 30 సెంటీమీటర్లు దాటకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. లోతు పెరిగితే సూదిబెజ్జంలోంచైనా ఎక్కువ కారుతుంది, ఆపైన భూగర్భజలం పాడవుతుంది.

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో లైనర్ అంటే 90 సెంటీమీటర్ల బంకమట్టి, దానిపై 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు. ఆపైన కంకర, చిల్లుల గొట్టాలు. అడుగును రెండు వైపుల నుంచీ గొట్టం దగ్గరికి 2 శాతం వాలేలా మలుస్తారు. గొట్టానికీ కనీసం 1 శాతం వాటం, చివర ఊట చేరే గుంత, అంటే సంపు.

అసలు చిక్కు కుంగుబాటు. చెత్త ఎత్తు పెరిగేకొద్దీ నేల అణుగుతుంది, అదీ నడుమ ఎక్కువ, అంచుల్లో తక్కువ. వాటం తిరగబడినా పైకి తెలియదు, తవ్వి సరిచేయలేం. కాబట్టి కుంగాక 2 శాతం మిగిలేలా మొదటే లెక్కగట్టండి. మెత్తటి నేలైతే నేను 3కి తగ్గను.

విశాఖలో ఇంకో సంగతి: చెత్త పలచగా ఉన్న తొలి ఏడాదే వాననీరంతా నేరుగా గొట్టాల్లోకి దిగుతుంది. 2014 హుద్‌హుద్ లాంటి తుపాను అప్పుడే వస్తే సంపు పొంగుతుంది. సెల్‌ను మట్టికట్టతో విడదీసి, చెత్త పడని సగంలోని నీటిని విడిగా తోడేయండి. కొండవాలు నీటికి పైనే కాలవ తవ్వండి.