సమ్మె రోజుల్లో మేము చదివిన మస్టర్లు

రాష్ట్రమంతా అట్టుడుకుతున్నప్పుడు సామాన్యుడు చేయగలిగిందేమైనా ఉంటుందా, ఆశను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి అని మీరు అడిగారు. 2013లో అనంతపురం జిల్లాలోని మా ఊళ్ళో జరిగినది చెప్తాను.

ఆ ఏడాది జులై 31న మా పంచాయతీకి మూడో విడత పోలింగ్ జరిగింది. ముందు రోజే తెలంగాణ ఏర్పాటుకు కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం చేయడంతో, దాదాపు రెండేళ్ళు ప్రత్యేకాధికారుల పాలనలో మగ్గిన ఊళ్ళో ఓటు వేయడానికి నిలబడిన వాళ్ళెవరూ సర్పంచి ఊసెత్తలేదు. రాష్ట్రాన్ని విడదీయవద్దంటూ ఆగస్టు 12 అర్ధరాత్రి మొదలైన ఉద్యోగుల సమ్మె రెండు నెలలు దాటి సాగింది. ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెప్పే నేను, కళాశాల మూతపడడంతో ఊరు చేరి, పగలంతా ధర్నా శిబిరంలో, రాత్రంతా వార్తా ఛానళ్ళ ముందు గడిపేవాణ్ణి. ఆ నినాదాలు ఇచ్చినందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. అయితే వాటిని ఢిల్లీలో ఎవరైనా వింటారన్న నమ్మకం సెప్టెంబరు నాటికే పోయింది.

అప్పుడొక రోజు పక్కింటి అవ్వ వచ్చి, “నాయనా, కరువు పని చేసి మూడు నెలలాయె, దుడ్లు పడలే. సమ్మె అయినాక పడతాయంటాండారు, నిజమేనా?” అని అడిగింది. మా వైపు కరువు పని అనే ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదలైంది మా జిల్లాలోని బండ్లపల్లిలోనే కాబట్టి, ఆ పనికి సంబంధించిన లెక్కలన్నీ ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చని నేను చాలాసార్లు విన్నాను గానీ, ఒక్కసారీ తెరిచి చూడలేదు. మిత్రుని బండి మీద టౌనుకు వెళ్ళి అవ్వ జాబ్ కార్డు సంఖ్య కొట్టి చూస్తే, కూలి సమ్మెకు ముందే చెల్లించినట్లు ఉంది. ఊరంతటి లెక్కలూ ప్రింటు తీయించుకుని వచ్చాను.

రాత్రిపూట రచ్చకట్ట మీద కూర్చుని ఒక్కొక్క పేరూ, పని దినాలూ, కూలీ పైకి చదివేవాళ్ళం. అక్టోబరులో విద్యుత్ ఉద్యోగులు కూడా సమ్మెకు దిగినప్పుడు టార్చి వెలుగులో చదివాము. ఏడాదిగా బెంగళూరులో తాపీ పని చేస్తూ సమ్మె వల్ల ఊళ్ళో చిక్కుకుపోయిన ఒకతను తన పేరు విని, “నేనాడ ఉంటే ఈడ మట్టి మోసిందెవరప్పా!” అనగానే అందరూ నవ్వారు, ఆ వెంటనే ఎవరూ నవ్వలేదు కూడా. సర్పంచిగా గెలిచినతనూ ఓడినతనూ ఒకే కట్ట మీద కూర్చుని విన్నారు. రాష్ట్రం ఉంటుందా, విడిపోతుందా అన్న మాట ఆ కాసేపూ ఎవరి నోటా రాలేదు. నాకు కొంత ఊపిరి ఆడింది అక్కడే.

మండల కార్యాలయం తాళం వేసి ఉంది. తపాలా శాఖ కేంద్రానిది కాబట్టి పోస్టాఫీసు తెరిచే ఉండేది. అక్కడి నుంచే, మస్టర్లూ (కూలీల హాజరు పట్టీలు), చేసిన పని కొలతల పుస్తకమూ నకళ్ళు కావాలంటూ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తును రిజిస్టరు పోస్టులో పంపాము. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు. ముప్పై రోజుల గడువు సమ్మెలోనే కరిగిపోగా, మొదటి అప్పీలు చేస్తే డిసెంబరులో నకళ్ళు వచ్చాయి. లోక్‌సభ విభజన బిల్లును ఆమోదించిన 2014 ఫిబ్రవరి 18న, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన ఆ మధ్యాహ్నం, సామాజిక తనిఖీకి, అంటే ఉపాధి పనుల లెక్కలను ఊరి వాళ్ళ ముందే సరిచూడడానికి, వచ్చిన వాళ్ళకు ఇవ్వడానికి మేము వేలిముద్రల కాగితాలు వరుస పెడుతున్నాము.

అన్నీ చక్కబడలేదు. రికవరీ అయింది కొంతే. అవ్వకు తొమ్మిది రోజుల కూలి, ఆ ఏడాది నిర్ణయించిన 149 రూపాయల లెక్కన కాకుండా కొలతల లెక్కన తగ్గి, వచ్చింది. చిన్నప్పటి నుంచి నాతో కలిసి తిరిగిన, ఊళ్ళో ఈ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు నాతో మాట్లాడడం మానేశాడు. అతనికీ చాలా నెలలుగా జీతం రాలేదని నాకు తరువాత తెలిసింది, ముందే అడిగి ఉండవలసింది.

మీరు మొదలుపెట్టదలచుకుంటే, ఫిర్యాదు రాయకముందే ఆ మనిషి ఎదురుగా పేరు చదివి సరిచూడండి, ఎందుకంటే మేము దొంగ లెక్కలనుకున్న వాటిలో కొన్ని కంప్యూటరులో ఎక్కించినప్పుడు జరిగిన పొరపాట్లే. ఒంటరిగా వెళ్ళవద్దు, రెండు పార్టీల వాళ్ళనూ వెంట తీసుకువెళ్ళండి. పోస్టు రసీదు మాత్రం పారేయకండి. మా అప్పీలు నిలిచింది దాని మీది తేదీ వల్లనే.