స్కానర్ కొనే ముందు ట్రంకుపెట్టె తెరవండి

ఇంట్లో కంప్యూటర్‌కి ఏ స్కానర్ కొనాలి, ఎలా కనెక్ట్ చేయాలి అని అడిగారు. ముందు మీ కాగితాల్లో అన్నిటికన్నా పొడుగుదాన్ని తీసి స్కేలుతో కొలవండి. నేను కొలవలేదు.

లోను కోసం లింక్ డాక్యుమెంట్లన్నీ, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులన్నీ, పీడీఎఫ్ చేసి పంపమన్నారు. అట్టపెట్టె మీద 4800 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుందో ఆ లెక్క) అని పెద్దగా రాసి ఉంటే మురిసిపోయి ఒక ఫ్లాట్‌బెడ్ స్కానర్, అంటే అద్దం మీద కాగితం పరిచి మూత వేసే రకం, తెచ్చాను. నాన్న ట్రంకుపెట్టెలోంచి తాతయ్య పొలం దస్తావేజు తీశారు. మడతల దగ్గర పాత పంచెలా మెత్తబడిపోయిన స్టాంపు కాగితం. స్కానర్ అద్దం ఏ4, అంటే 297 మిల్లీమీటర్లు. కాగితం లీగల్ సైజు, 14 అంగుళాలు. కింద రెండంగుళాల పైనే బయటికి వేలాడింది. సాక్షుల సంతకాలు, అమ్మినాయన వేలిముద్ర సరిగ్గా అక్కడే ఉన్నాయి!

స్క్రీన్ చూసి నాన్న, "సంతకాల్లేని దస్తావేజు ఎవడిక్కావాలిరా?" అన్నారు.

చివరికి పై సగం ఒకసారి, కింది సగం ఒకసారి తీశాం. మూత తెరిచే ఉంచి నాన్న అరచేత్తో నొక్కిపట్టారు. ఆయన బొటనవేలు కూడా పడి, దస్తావేజులో ఒక వేలిముద్ర ఎక్కువైంది.

కాగితాన్ని రోలర్లతో తనే లోపలికి లాక్కునే ఫీడర్ ఉన్న స్కానరైతే, చాలావరకు లీగల్ కాగితం కూడా లాగేస్తుంది. బిల్లులకీ మార్కుల మెమోలకీ అదే హాయి. కానీ చిరుగుపట్టిన దస్తావేజుని రోలర్ల మధ్యకి తోసే ధైర్యం నాకైతే లేదు.

డీపీఐ గొడవ వదిలేయండి, 300 చాలు. 600 పెడితే పిక్సెళ్లు నాలుగింతలై ఫైలు ఉబ్బిపోతుంది. అప్‌లోడ్ దగ్గరేమో 2 ఎంబీ దాటకూడదంటారు. అంతా చేసి పంపాక ఆఫీసుకెళ్తే మళ్లీ మూడు సెట్లు జిరాక్స్ అడిగారు. ఇంక ఆ పీడీఎఫ్ ఎందుకో!

వైఫై జోలికి పోకండి, వైరే నయం. ముందు కంపెనీ సైట్‌లోంచి డ్రైవర్ (కంప్యూటర్ చేత స్కానర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేసి, అది అడిగాకే కేబుల్ పెట్టండి. నా స్కానర్‌కి కరెంటు కూడా యూఎస్‌బీ నుంచే. ఒక పోర్టుని నాలుగైదు చేసే హబ్‌కి పెడితే సగం దాకా వెళ్లి గుర్రుమని ఆగిపోయేది. పాడైందనుకుని షాపుకి బయల్దేరాను కూడా. సీపీయూ వెనక పోర్టుకి నేరుగా పెట్టాక మళ్లీ ఆగితే ఒట్టు.

ఫోన్‌తో ఫొటో తీస్తే చాలదా అంటాడు మా బావమరిది. వాడు పంపిన ఆధార్ ఫొటోలో ఆవకాయ జాడీ కూడా ఉంది.