నాన్నగారి డయాలసిస్, మీ ఎమ్మెస్సీ హాజరు
నాన్నగారిని డయాలసిస్‌కు తీసుకెళ్లాల్సి రావడంతో ఎమ్మెస్సీ తరగతులకు హాజరు కాలేకపోతున్నానని, చదువు మానేయాలా అని అడిగారు. మీకు అడ్డుపడుతున్నది డయాలసిస్ కాదు, దానికి కేటాయించిన ఉదయపు వేళ. వారానికి 3 సార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు, పైగా విశాఖలో గాజువాక నుంచి జగదాంబ దాకా ప్రయాణం కలిపితే తరగతులు పోక తప్పదు.

1. సాయంత్రపు షిఫ్టు కోసం డయాలసిస్ కేంద్రానికి లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి.

2. చాలామంది విడిచిపెట్టేది ఇదే: హాజరు తగ్గాక కాకుండా ఇప్పుడే, వైద్యుని ధ్రువపత్రాన్నీ డయాలసిస్ తేదీల పట్టికనూ జతచేసి విభాగాధిపతికి అర్జీ ఇచ్చి, నకలుపై స్వీకృతి ముద్ర వేయించుకోండి. హాజరు మినహాయింపు సాధారణంగా విద్యార్థి సొంత అనారోగ్యానికే వర్తిస్తుంది కనుక, తండ్రి సంరక్షణ అనే కారణాన్ని విడిగా, స్పష్టంగా రాయాలి. (మా అమ్మగారి విషయంలో నేను సెమిస్టరు చివర ఇచ్చాను, తీసుకోలేదు.)

3. ఇంట్లోనే చేసుకొనే పెరిటోనియల్ డయాలసిస్ (పొట్టలోకి ద్రవం పంపి చేసేది) ఆయనకు సరిపడుతుందేమో నెఫ్రాలజిస్టును (కిడ్నీ వైద్యుణ్ణి) అడగండి.

కాలేజీ నుంచి టీసీ (బదిలీ ధ్రువపత్రం) మాత్రం ఇప్పుడే తీసుకోవద్దు.