పేర్లు లేని పేజీల దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మొదటి అధ్యాయం చదివాను. వర్జీనియాలోని సౌతాంప్టన్ కౌంటీ చరిత్ర తెలుగులో రాయాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. కాకపోతే నువ్వూ అందరిలాగే 1831 ఆగస్టులో నాట్ టర్నర్ అనే బానిస నడిపిన తిరుగుబాటుతోనే ఎత్తుకున్నావు. దాని గురించి ఇప్పటికే బోలెడంత రాశారు. అక్కడి మామూలు కుటుంబాల సంగతే ఎవరికీ పెద్దగా పట్టలేదు.

ఒక విషయంలో నువ్వు అదృష్టవంతురాలివి. 1749లో ఆ కౌంటీ ఏర్పడినప్పటి నుంచీ కోర్టు పుస్తకాలు మిగిలాయి. అమెరికా అంతర్యుద్ధంలో కొన్ని కౌంటీలు తమ రికార్డులు భద్రంగా ఉంటాయని రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌కి పంపాయి. 1865 ఏప్రిల్‌లో ఆ నగరం తగలబడినప్పుడు అవీ పోయాయి. పాత కాగితాల్లో కౌంటీ కేంద్రం పేరు జెరూసలేం అని ఉంటుంది. ఇప్పటి కోర్ట్‌లాండ్ అదే, కంగారుపడకు.

ముందు 1850 జనాభా లెక్కల్లో బానిసల పట్టిక తెరువు. యజమాని పేరు ఉంటుంది. దాని కింద వరసగా వయసు, ఆడా మగా, ఒంటి రంగు. మనిషి పేరు రాయడానికి గడే లేదు. ఎనిమిది నెలల పసిబిడ్డ వయసు గడిలో 8/12 అని ఉంటుంది, అంతే. ఆ బిడ్డకి తల్లి పెట్టుకున్న పేరు ఆ కాగితం మీద ఎక్కడా కనపడదు. ఇలాంటి పేజీని ఒక్క వాక్యంలో దాటేయకు. అక్కడ ఆగు, పాఠకుణ్ణీ ఆపు.

పేర్లు కావాలంటే వీలునామాలు, ఆస్తి జాబితాలు చూడు. యజమాని చనిపోయాక గుర్రాలు, మంచాలు, మనుషులు అన్నీ ఒకే వరసలో, పక్కన ధరలతో కనిపిస్తాయి. టర్నర్‌కి ఉరిశిక్ష వేసిన కోర్టు కూడా అతని విలువ 375 డాలర్లని కట్టింది. ఉరితీసిన బానిసకి ప్రభుత్వం యజమానికి పరిహారం ఇవ్వాలి కాబట్టి ఆ లెక్క. ఈ సంగతి చెప్పేటప్పుడు విశేషణాలేవీ వాడకు. 375 అని రాసి ఊరుకో.

తిరుగుబాటు జరిగిన 1831లోనే, డిసెంబర్‌లో, ఆ కౌంటీ నుంచి ఎంతోమంది స్వేచ్ఛ ఉన్న నల్లజాతివారు ఓడెక్కి ఆఫ్రికాలోని లైబీరియా వెళ్ళిపోయారు. వాళ్ళకి ఒక అధ్యాయం ఇవ్వాల్సిందే.

ఇక వంశవృక్షాల సంగతి. విముక్తి పొందినవాళ్ళలో చాలామంది పేర్లు జనాభా లెక్కల్లో మొదటిసారి కనిపించేది 1870లోనే. అక్కణ్ణుంచి ఒక్కో తరం వెనక్కి వెళ్ళు. ఇంటిపేరు కలిసింది కదా అని ఫలానా యజమాని మనుషులే అనుకోకు. అందరూ చివరి యజమాని పేరే పెట్టుకోలేదు. కొందరు అంతకు ముందరి యజమానిది, కొందరు తమకి నచ్చినది పెట్టుకున్నారు. ఎక్కడైనా లంకె దొరక్కపోతే దొరకలేదనే రాయి, ఊహతో అతికించకు. ఆ కుటుంబాల వారసులు ఇంకా ఉన్నారు. నువ్వు రాసిన తప్పు రేపు వాళ్ళ ముత్తాత పేరై కూర్చుంటుంది. 1890 లెక్కలు చాలావరకు వాషింగ్టన్‌లో 1921 అగ్నిప్రమాదం తర్వాత దక్కకుండా పోయాయి. 1880 నుంచి 1900 దాకా ఉన్న ఆ ఇరవై ఏళ్ళ ఖాళీకి పెళ్ళిళ్ళ, మరణాల రిజిస్టర్లే దిక్కు.

మొదటి అధ్యాయం పక్కన పెట్టి, 1870 పట్టికలో ఒక ఇల్లు ఎంచుకో. ఆ ఇంట్లో అందరికన్నా పెద్దావిడ గురించి కాగితాల్లో ఎంత దొరికితే అంతే రాసి నాకు పంపు.

నీ
పెదనాన్న