ఆ కేంద్రకాలతో ఎవరికి ఏం లాభం?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చివరి ఏడాదిలో ఉంది. కాస్మిక్ కిరణాల్లోని భార కేంద్రకాల మీద పరిశోధన చేస్తానంటోంది. ఆ కేంద్రకాలతో ఎవరికి ఏం లాభం? డేటా సైన్స్ కోర్సులో చేరమని మేమంటున్నాం. రెండింటినీ పోల్చి చెప్పండి.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కేంద్రకాల స్థానంలో ఒకరు శిలాజాలంటారు, ఇంకొకరు నాచు అంటారు. అడుగున ఉన్న భయం ఒక్కటే: పిల్ల స్థిరపడుతుందా?

ముందు ఆమె చేయబోయే పని చూడండి. కాస్మిక్ కిరణాలంటే అంతరిక్షం నుంచి మహా వేగంతో దూసుకొచ్చే కణాలు. వాటిలో దాదాపు 90 శాతం ప్రోటాన్లు, 9 శాతం హీలియం పరమాణువుల కేంద్రకాలు. కార్బన్ నుంచి ఇనుము దాకా, ఆపైన ఉన్నవన్నీ మిగిలిన ఒక్క శాతంలోనే సర్దుకోవాలి. దారి పొడవునా అయస్కాంత క్షేత్రాలు వాటిని వంచేస్తాయి కనుక, వచ్చిన దిక్కును చూసి పుట్టినచోటు చెప్పలేం. ఏ మూలకం ఎంత ఉందో కొలిచి ఊహించాల్సిందే. డిటెక్టర్‌లో కేంద్రకం వదిలే శక్తి దాని విద్యుదావేశపు వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది. అలా ఆక్సిజన్ ఏదో ఇనుము ఏదో తేలుస్తారు. ఈ కిరణాలను కొలవడానికి 1997లో ఎగిరిన నాసా ఉపగ్రహం ఏస్, 17 ఏళ్లలో లక్షల ఇనుము కేంద్రకాల మధ్య పట్టుకున్న ఇనుము-60 (ఇనుములో రేడియోధార్మిక రకం) కేంద్రకాలు 15. పదిహేనే! దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం క్షీణించడానికి పట్టే కాలం, సుమారు 26 లక్షల ఏళ్లు. అవి ఇంకా క్షీణించకుండా మన దాకా వచ్చాయంటే, వాటిని పుట్టించిన సూపర్‌నోవా (నక్షత్ర విస్ఫోటం) మరీ పాతదీ కాదు, మరీ దూరానిదీ కాదు.

లక్షల్లోంచి ఆ పదిహేనింటిని వేరుచేసి, ఇవి పొరపాటు సంకేతాలు కావని నిరూపించడం డేటా సైన్స్ కాకపోతే మరేమిటి?

మీరు చెబుతున్న కోర్సు మీదే నాకు అనుమానం. ఆరు నెలలు చదివి సర్టిఫికెట్‌తో వచ్చేవారిని ఒకటే అడుగుతాను: ఈ అంకెలను ఎవరు, దేనితో కొలిచారు? పొరపాటు ఎంత ఉండవచ్చు? చాలామంది నా ముఖం చూస్తారు. శుభ్రం చేసి చేతికిచ్చిన డేటా మీద, అందరూ చేసిన ప్రాజెక్టునే మళ్లీ చేసి ఉంటారు. ఆ మాత్రం పని ఇప్పుడు యంత్రమే చేస్తోంది. కోర్సులన్నీ ఇలాంటివే అనను. కానీ మీరు ఎంచుకున్నది సిలబస్ చూసా, ప్రకటన చూసా?

పరిశోధనలో కష్టాలు దాచను. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆ తర్వాత తాత్కాలిక పదవులు. శాశ్వత ఉద్యోగాలు తక్కువ. ఉపగ్రహ ప్రయోగాలు వాయిదా పడుతుంటాయి. అయినా డిటెక్టర్ల ఎలక్ట్రానిక్స్, సిమ్యులేషన్, గణాంకశాస్త్రం నేర్చుకున్నవారు పరిశోధన వదిలేసినా ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు. ఇక్కడి నుంచి డేటా సైన్స్‌కు వెళ్లవచ్చు; అటు నుంచి ఇటు రావడమే కష్టం.

ఇంకొక మాట, నొచ్చుకోకండి. బంధువులు అడిగితే ఏం చెప్పాలన్నది మీ ఇబ్బంది. దాన్ని ఆ పిల్ల నెత్తిన పెట్టకండి.

ఏ పరికరం మీద పనిచేస్తుందో, ఎవరి దగ్గరో, అక్కడ ముందు చదివినవారు ఇప్పుడు ఏం చేస్తున్నారో ఆమెనే అడగండి. జవాబు చెప్పలేకపోతే మళ్లీ రాయండి. ఈసారి ఆమెను కోప్పడతాను.