అరకు ఘాట్ ఎక్కే పాత వ్యాన్‌కి 46 వేలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ఎస్.కోట. 13 ఏళ్ల పాత టెంపో ట్రావెలర్ ఉంది, నేనే నడుపుతాను. లోన్ తీరిపోయింది. కొన్నాళ్లుగా స్టీరింగ్ ఆడుతోంది, బండి ఎడమకి లాగుతోంది, ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోతున్నాయి. కింగ్ పిన్నులు (ముందు చక్రాలు పక్కలకి తిరిగేందుకు ఉండే పిన్నులు), వాటి బుష్‌లు, టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్ కడ్డీల చివర ఉండే కీళ్లు), వీల్ బేరింగ్‌లు, స్టీరింగ్ బాక్స్ అన్నీ కలిపి 46,000 అవుతుందని మెకానిక్ అంటున్నాడు. నాలుగు వేలతో సర్ది సీజన్ లాగించేయమని ఒకరు, అమ్మేసి 8 లక్షల లోన్‌తో వేరే బండి తీసుకోమని ఇంకొకరు చెబుతున్నారు. నవంబర్ నుంచి జనవరి దాకా నెలకు 20 ట్రిప్పులు, మిగతా నెలల్లో తొమ్మిదో పదో. ట్రిప్పుకి ఖర్చులు పోను 2,000 మిగులుతుంది. అమ్మాయి కాలేజీ ఫీజుకి దాచిన 60,000 ఉంది. 2 లక్షల చీటీ కడుతున్నాను, ఇప్పుడు పాడుకుంటే 50,000 దాకా పోతుంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఒక మాట. ఈ పని అయ్యేదాకా ఘాట్ ఎక్కకండి. అనంతగిరి మలుపుల్లో పన్నెండు మందిని కూర్చోబెట్టుకుని వదులు స్టీరింగ్‌తో దిగడానికి ఏ లెక్కా సరిపోదు. నాలుగు వేల సర్దుబాటు సంగతి ఇక మర్చిపోండి.

ఇక డబ్బు సంగతి. 8 లక్షలకి 12 శాతం వడ్డీతో ఐదేళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ దాదాపు 17,800. అంటే నెలకు తొమ్మిది ట్రిప్పులు. సీజన్ కాని నెలల్లో మీకు పడేవే అన్ని. తొమ్మిది నెలల పాటు మీరు బ్యాంకు కోసమే బండి తోలినట్టు, ఇల్లు దేనితో నడుస్తుంది? 46,000 రిపేరు మాత్రం మొత్తం 23 ట్రిప్పుల డబ్బు, ఒక్కసారితో అయిపోతుంది. బండికి 15 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందనే సర్టిఫికెట్) ఫీజు బాగా పెరుగుతుంది కాబట్టి దీని ఆయుష్షు నేను రెండేళ్లే వేసుకుంటున్నాను. అలా చూసినా నెలకు 1,900 చిల్లర. రిపేరే చేయించండి.

అయితే 46,000కి సరేననే ముందు బండిని ఇంకో షెడ్‌లో చూపించండి, మీరు పక్కనే నిలబడండి. యాక్సిల్ కింద జాకీ పెట్టి ముందు చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపమనండి. ఆట, అంటే వదులు కదలిక, కనిపిస్తే ఒకరిని బ్రేక్ తొక్కమనండి. బ్రేక్ తొక్కగానే ఆట పోతే అది వీల్ బేరింగ్, ఇంకా ఉంటే కింగ్ పిన్ను. తర్వాత చక్రాలు నేల మీద ఉంచి ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే మీరు కిందికి వంగి చూడండి, కదలిక ఎక్కడ ఆగిపోతోందో కంటికే తెలుస్తుంది. తప్పు టై రాడ్ ఎండ్‌లదే అయితే స్టీరింగ్ బాక్స్ విప్పాల్సిన పని లేదు, ఆ డబ్బు మిగులుతుంది. కింగ్ పిన్నులు మాత్రం రెండు వైపులా ఒకేసారి మార్పించండి. ఒక వైపే మారిస్తే కొద్ది నెలల్లో మళ్లీ అదే కూలి కట్టాలి. యాక్సిల్ వంగిందని తేలితే కాల్చి సరిచేస్తామంటే వద్దనండి, స్టీరింగ్ భాగాలకి వెల్డింగ్ అసలే వద్దు. చివర్లో అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం, తప్పదు. అది మానేస్తే కొత్త టైర్లు కూడా ఇలాగే అరుగుతాయి.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోకండి. అరుగుదలకి పాలసీ ఏమీ ఇవ్వదు. ప్రమాదం జరిగినా పదేళ్లు దాటిన బండి లోహపు భాగాలకి, ప్రత్యేక కవర్ లేకపోతే, సగం తరుగుదల కోస్తారు. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. అది లేకపోతే మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ కూడా చెల్లనట్టే. అప్పుడు క్లెయిమ్‌కి టెన్షన్ పడాల్సిందే.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? ఫీజు డబ్బు ముట్టుకోవద్దు, ఆ తేదీ ఆగదు. చీటీ పాడితే 46,000 అవసరానికి 50,000 వదులుకున్నట్టు అవుతుంది. ఇంట్లో నగ ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ పెట్టండి, ప్రైవేటు వ్యాపారి దగ్గరకు వెళ్లకండి. ఏడాదికి 10 శాతం అనుకుంటే 46,000కి నాలుగు నెలల వడ్డీ 1,500 చిల్లర. సీజన్‌లో ప్రతి ట్రిప్పు నుంచి 800 పక్కన పెడితే 60 ట్రిప్పులకి 48,000. ఫిబ్రవరిలో నగ ఇంటికొస్తుంది.

ఆ తర్వాత ట్రిప్పుకి 300 చొప్పున వేరే ఖాతాలో వేయండి. ఏడాదికి సుమారు 140 ట్రిప్పులు, అంటే 42,000. రెండేళ్లకి 84,000. అనుకోని రిపేర్లు దీంట్లోంచే పోవాలి, మిగిలింది తర్వాతి బండి డౌన్ పేమెంట్‌కి.

మా మేనమామ గూడ్స్ బండి తోలేవారు. ఆదివారం పొద్దున్నే గ్రీజు గన్ పట్టుకుని బండి కింద దూరేవారు. ముందు చక్రాలు నేల నుంచి లేపి కొట్టేవారు, అప్పుడే కింగ్ పిన్ను కింది దాకా గ్రీజు దిగుతుందని. ఆ పని మీరూ మొదలుపెట్టండి, అయ్యేది గ్రీజు ఖర్చే.

పని పూర్తయ్యాక బిల్లు తీసుకోండి, విప్పిన పాత పిన్నులు, బుష్‌లు సంచిలో వేసి ఇమ్మనండి. ఎస్.కోట దగ్గర చదును రోడ్డు మీద ఖాళీ బండితో ఒకటి రెండు రోజులు తిప్పి, నట్లు మళ్లీ బిగించి చూపించుకున్నాకే మొదటి అరకు ట్రిప్పు ఒప్పుకోండి.