టెక్ సందేహాలు: స్టాల్‌లో వెలిగిన లైటు మన ఇంట్లో వెలుగుతుందా?

హైటెక్స్‌లో స్మార్ట్ హోమ్, ఆడియో ప్రదర్శన ముగిసి వారం కాకముందే మెయిల్‌బాక్స్ నిండిపోయింది. నేనూ వెళ్లాను. రెండు పూటలు తిరిగితే కాళ్ల నొప్పులు, ఒక సంచి నిండా బ్రోచర్లు మిగిలాయి. మాటతో కదిలే కర్టెన్లు, వేలిముద్రతో తెరుచుకునే తలుపులు, పైకప్పు నుంచి వాన కురిపించే స్పీకర్లు. చూడ్డానికి అన్నీ బాగానే ఉన్నాయి. కానీ స్టాల్‌లో కరెంటు పోదు, వైఫైకి గోడలు అడ్డం రావు, పడుకునే ముందు ఎవరూ రూటర్ స్విచ్ కట్టేయరు. మీ ప్రశ్నల్లో చాలా వరకు ఈ తేడా దగ్గరే ఆగాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాను.

మాది మల్కాజిగిరిలో పాతికేళ్ల నాటి ఇల్లు. గోడలు పగలగొట్టక్కర్లేదు, ఉన్న స్విచ్ బోర్డు వెనకే చిన్న మాడ్యూల్ పెడితే ఇల్లంతా స్మార్ట్ అయిపోతుందని స్టాల్ అబ్బాయి చెప్పాడు. నమ్మొచ్చా? వైరింగ్ అంటేనే మా ఇంట్లో అందరికీ టెన్షన్.

గోడ పగలగొట్టక్కర్లేదన్న మాట నిజం. మిగతాది మీ బోర్డు విప్పి చూస్తే గానీ తెలియదు.

ఆ మాడ్యూల్‌లో రేడియో ఉంటుంది. లైటు ఆపేసినా అది మేలుకునే ఉండాలి, అంటే దానికి రోజంతా కరెంటు కావాలి. అందుకు ఫేజు వైరు ఒక్కటే చాలదు, న్యూట్రల్ కూడా ఉండాలి. మన ఇళ్లలో లైటు స్విచ్‌కి మామూలుగా ఫేజు మాత్రమే దిగి, స్విచ్ దాటాక మళ్లీ పైకి వెళ్తుంది. న్యూట్రల్ పైనుంచి పైనే బల్బుకి పోతుంది. అదృష్టవశాత్తూ మనవాళ్లకి ప్రతి బోర్డులో ఒక సాకెట్ పెట్టే అలవాటుంది. సాకెట్ ఉంటే న్యూట్రల్ ఉన్నట్టే. చిక్కంతా మెట్ల దగ్గర, బాత్రూమ్ తలుపు పక్కన ఉండే ఒంటి స్విచ్‌లతోనే. న్యూట్రల్ అక్కర్లేని మాడ్యూళ్లూ ఉన్నాయి. అవి బల్బు గుండానే కొద్దిపాటి కరెంటు లాగుతాయి. పాత 60 వాట్ల బల్బుకి అది లెక్కలోకి రాదు గానీ 5 వాట్ల ఎల్ఈడీ అయితే ఆపేశాక కూడా మిణుకుమిణుకుమంటుంది. బల్బు దగ్గర చిన్న బైపాస్ కెపాసిటర్ పెట్టిస్తే సర్దుకుంటుంది.

పాత ఇంటికి ఒక లాభం కూడా ఉంది. సన్‌మైకా అతికించిన చెక్క బోర్డుల వెనక బోలెడంత చోటుంటుంది. కొత్త ఫ్లాట్లలో గోడలోకి దిగిన మెటల్ బాక్సుల్లో వైర్లు కుక్కేసి ఉంటాయి, అక్కడ మాడ్యూల్ ఇరికించడానికి ఎలక్ట్రీషియన్ చెమటోడ్చాలి. ఏదైనా సరే ఎంసీబీ ఆపించి ఎలక్ట్రీషియన్ చేతే బోర్డు విప్పించండి, మీరు మాత్రం వేలు పెట్టకండి.

ఇక గీజర్ సంగతి. స్టాల్‌లో దీన్ని ఎవరూ గట్టిగా చెప్పలేదు కాబట్టి నేనే చెబుతాను. 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ మామూలుగా 3,000 వాట్లు ఉంటుంది. 230 వోల్టులతో భాగిస్తే 13 ఆంప్స్. దాన్ని 6 ఆంప్స్ లేదా 10 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్‌కి తగిలిస్తే ముందు వాసన వస్తుంది, తర్వాత ప్లాస్టిక్ కరుగుతుంది. గీజర్‌కి 16 ఆంప్స్ అని రాసి ఉన్నదే కొనండి. ఏసీని ప్లగ్‌తో తుంచినట్టు ఆపే బదులు, రిమోట్‌లా పనిచేసే ఐఆర్ బ్లాస్టర్‌తో నడపడం మంచిది. మీ ఫ్యాన్లు బీఎల్‌డీసీ రకమైతే వాటిని స్మార్ట్ రెగ్యులేటర్‌కి కలపకండి. వాటి వేగాన్ని లోపలి సర్క్యూటే చూసుకుంటుంది, బయటి రెగ్యులేటర్ పెడితే రెండూ కొట్టుకుంటాయి.

కొనేముందు ఒక్క ప్రశ్న తప్పక అడగండి: కరెంటు పోయి వచ్చాక ఈ స్విచ్ ఏ స్థితిలో ఉంటుంది? మా ఇంట్లో మొదట పెట్టించిన మాడ్యూళ్లు కరెంటు రాగానే అన్నీ ఆన్ అయ్యేవి. మే నెలలో ఒక రాత్రి రెండున్నరకి కరెంటు వచ్చేసరికి ఇల్లంతా పెళ్లివారిల్లులా వెలిగిపోయింది. నాన్నగారు తెల్లారిందనుకుని స్నానానికి వెళ్లారు. యాప్‌లో ‘పాత స్థితి’ అనో ‘ఆఫ్’ అనో ఎంచుకునే వీలుంటేనే తీసుకోండి. రూటర్, ఫైబర్ డబ్బా, హబ్ (స్మార్ట్ వస్తువులన్నిటినీ కలిపి నడిపే పెట్టె) మూడూ ఇన్వర్టర్ లైన్ మీద ఉండేలా చూసుకోండి. ఫ్యాను తిరుగుతూ రూటర్ ఆగిపోతే ఫోనులో స్విచ్ నొక్కినా కదలిక ఉండదు.

కొండాపూర్‌లో ఉంటాం. డాల్బీ అట్మాస్ సౌండ్‌బార్ డెమోలో హెలికాప్టర్ నిజంగానే నెత్తి మీంచి వెళ్లినట్టనిపించింది. మా టీవీ నాలుగేళ్ల నాటిది, దానికి ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని బార్‌కి పంపే హెచ్‌డీఎంఐ దారి) మాత్రమే ఉంది. దాని మెరుగైన రూపం ఈ-ఏఆర్‌సీ ఉంటేనే అట్మాస్ వస్తుందంటున్నారు. టీవీ కూడా మార్చాలా?

టీవీ జోలికి వెళ్లకండి. ఓటీటీలు అట్మాస్‌ని డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన రూపంలో పంపిస్తాయి. అది మామూలు ఏఆర్‌సీ గుండా వెళ్తుంది. టీవీ సౌండ్ సెట్టింగుల్లో ‘పీసీఎం’ అని ఉంటే ‘పాస్‌త్రూ’ లేదా ‘ఆటో’కి మార్చండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. బ్లూ-రే డిస్కుల్లోని, నాణ్యత పోకుండా కుదించిన ట్రూహెచ్‌డీ అట్మాస్‌కే ఈ-ఏఆర్‌సీ కావాలి. మీ ఇంట్లో బ్లూ-రే ప్లేయర్ లేకపోతే ఆ సంగతి మర్చిపోండి. ఆప్టికల్ వైరుతో మాత్రం కలపకండి, అందులో అట్మాస్ రాదు. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే ప్రీమియం ప్లాన్ ఉంటేనే అట్మాస్ ఇస్తారు. బార్ కొని, చౌక ప్లాన్‌తో నెల రోజులు చెవులు రిక్కించి విన్నవాళ్లు నాకు తెలుసు.

ఇక ఆ హెలికాప్టర్. పెట్టె మీద 5.1.2 అని ఉంటే, 5 చెవి ఎత్తులో వచ్చే శబ్దాలకి, 1 వూఫర్‌కి, చివరి 2 పైనుంచి వినిపించాల్సిన వాటికి అని అర్థం. ఆ చివరి రెండూ నిజంగా పైకప్పులో ఉండవు. బార్ నుంచే శబ్దాన్ని పైకి కొట్టి, కప్పుకి తగిలి మీ మీద పడేలా చేస్తాయి. క్యారమ్స్‌లో కాయిన్‌ని గోడకి కొట్టి గుంటలో వేసినట్టు. అందుకని కప్పు చదునుగా, గట్టిగా ఉండాలి. డాల్బీ చెప్పేది ఏడున్నర నుంచి 12 అడుగుల ఎత్తు. మన ఫ్లాట్లకి ఎత్తు సరిపోతుంది, చదునే కుదరదు. హాలు మధ్యలో మెట్లుమెట్లుగా పీఓపీ ఫాల్స్ సీలింగ్, అంచుల్లో లైట్ల కాలువలు ఉంటే శబ్దం వాటికి తగిలి చెల్లాచెదురవుతుంది. అలాంటి హాలైతే పైకి కొట్టే స్పీకర్లకి అదనంగా డబ్బు పెట్టడం దండగ. అదే డబ్బుతో మంచి వూఫర్, వెనక పెట్టే విడి స్పీకర్లు ఉన్న 5.1 తీసుకోండి.

డెమో గదికి తెరలు, స్పాంజి పలకలు, నేల మీద కార్పెట్ ఉన్నాయి, గమనించారా? మన హాల్లో నునుపైన టైల్స్, గాజు కిటికీలు. చప్పట్లు కొట్టి చూడండి, గంగాళంలో కొట్టినట్టు మోగితే ఏ బార్ పెట్టినా మాటలు అలుక్కుపోతాయి. ఒక మందపాటి కర్టెన్, టీవీ ముందు ఒక జంపఖానా వేస్తే వచ్చే తేడా పదివేలు ఎక్కువ పెట్టి కొన్న మోడల్‌తో రాదు.

వాట్ల సంఖ్య చూసి మురిసిపోవద్దు. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు గట్టిగా వినిపించాలంటే దాదాపు పదింతల పవర్ కావాలి. 300 వాట్లకీ 600 వాట్లకీ మధ్య పెట్టె మీద కనిపించేంత దూరం చెవిలో ఉండదు. డైలాగు వినబడక సౌండ్ పెంచితే, పాట రాగానే పక్క ఫ్లాటు వాళ్లు గోడ కొడుతున్నారని మరో పాఠకురాలు కూకట్‌పల్లి నుంచి రాశారు. బార్ సెట్టింగుల్లో ‘నైట్ మోడ్’ వెతకండి. అది పెద్ద శబ్దాన్ని తగ్గించి, చిన్నదాన్ని పెంచుతుంది.

మీరు సినిమాల కన్నా పాటలు ఎక్కువ వింటారా? అయితే బార్ కొనేముందు ఒకసారి కోఠి గుజరాతీ గల్లీలో తిరిగి రండి. అదే డబ్బుకి ఒక ఆంప్లిఫయర్, జత స్పీకర్లు వస్తే పాట వినడంలో వాటి దారి వేరు. మీకు కంఠతా వచ్చిన పాటని ఫోనులో తీసుకెళ్లి, దాన్నే పెట్టి వినిపించమనండి. దుకాణం వాళ్లు పెట్టే ట్రాక్ ఏ స్పీకర్‌లోనైనా బాగుండేలా ఏరుకున్నది.

డాలస్ నుంచి మా అన్నయ్య స్మార్ట్ స్విచ్‌లు, ప్లగ్‌లు తెచ్చాడు. జీ-వేవ్ అని రాసి ఉంది. ప్రదర్శనలో కొన్న హబ్ మీదా జీ-వేవ్ అనే ఉంది. అయినా కలవట్లేదు. – హయత్‌నగర్

కలవవండి. పేరు ఒకటే గానీ ఊళ్లు వేరు. జీ-వేవ్ అంటే స్మార్ట్ వస్తువులు మాట్లాడుకునే ఒక రేడియో పద్ధతి. అది అమెరికాలో 908.42 మెగాహెర్ట్జ్ మీద, మన దేశంలో 865.2 మీద మాట్లాడుతుంది. అక్కడి స్విచ్ పిలిచేది ఇక్కడి హబ్‌కి వినిపించదు, సెట్టింగ్ మార్చి సరిచేసేదీ కాదు. అమెరికా హబ్ తెప్పించుకుందాం అనుకోకండి, ఆ బ్యాండు ఇక్కడ వేరే అవసరాలకి ఇచ్చారు. వైఫై, జిగ్‌బీ, థ్రెడ్ వస్తువులు వాడే 2.4 గిగాహెర్ట్జ్ మాత్రం ప్రపంచమంతా ఒకటే.

అంతకన్నా ముఖ్యమైనది, వాటి వెనక అక్షరాలు చదవండి. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల సాకెట్‌లో పెట్టొద్దు. 100–240 అని ఉంటే వోల్టేజీ వరకు ఫర్వాలేదు, హబ్‌తో మాత్రం కలవదు. అన్నయ్యకి తిరుగు ప్రయాణంలో సూట్‌కేసులో చోటు ఎలాగూ ఉంటుంది, ఆవకాయ పక్కన ఇవీ సర్దేయండి.

ప్రతి స్టాల్‌లో ‘మ్యాటర్’ గుర్తు చూపించారు. అది ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చా? – నిజాంపేట

ఒక కన్ను తెరిచే ఉంచండి. మ్యాటర్ అనేది యాపిల్, గూగుల్, అమెజాన్, శాంసంగ్ లాంటి కంపెనీలన్నీ కలిసి 2022 అక్టోబరులో తెచ్చిన ఉమ్మడి భాష. ఒకరి బల్బు మరొకరి యాప్‌లో పనిచేయడం దీని వల్లే. నాకు నచ్చినది అది కాదు. మ్యాటర్ వస్తువు ఇంట్లోని నెట్‌వర్క్‌లోనే మాట్లాడుకోగలదు, ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌ని అడగక్కర్లేదు. దీని విలువ తెలియాలంటే ఇన్‌స్టియాన్ స్మార్ట్ హోమ్ వస్తువులు వాడినవాళ్లని అడగాలి. 2022 ఏప్రిల్‌లో ఆ అమెరికన్ కంపెనీ సర్వర్లు ముందస్తు మాట లేకుండా ఆగిపోయాయి. యాప్ మూగబోయింది. అంతకు ముందు 2016లో గూగుల్ సొంతమైన నెస్ట్, తాను కొన్న రివాల్వ్ హబ్‌ని ఆపేసింది. 300 డాలర్లు పెట్టి కొన్న డబ్బా కాగితాల మీద బరువుగా మిగిలింది.

అయితే మ్యాటర్ వస్తువుకి ఇంట్లో దాన్ని నడిపే ఒక కంట్రోలర్ కావాలి. పెట్టె మీద ‘థ్రెడ్’ అని కూడా ఉంటే, ఆ వస్తువుల్ని ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే బోర్డర్ రూటర్ ఉండాలి. యాపిల్ హోమ్‌పాడ్ మినీ, అమెజాన్ నాలుగో తరం ఎకో, గూగుల్ రెండో తరం నెస్ట్ హబ్‌లలో అది ఉంది. అవేవీ లేకపోతే ముందు ఆ ఖర్చు లెక్కేసుకోండి. స్టాల్‌లో నేను చేసే పరీక్ష చిన్నది: ‘నెట్ వైరు పీకి ఇప్పుడు లైటు వేయండి’ అంటాను. ఈసారి ఇద్దరు నవ్వి పీకారు, లైటు వెలిగింది. మరొకాయన బ్రోచర్ ఇచ్చి పక్క కౌంటర్‌కి పంపించాడు.

మా అమ్మకి తెలుగు తప్ప రాదు. స్మార్ట్ స్పీకర్‌తో తెలుగులో మాట్లాడి లైటు వేయించొచ్చా? – అల్వాల్

అలెక్సా స్పీకర్లు మన దేశానికి 2017లో వచ్చాయి, 2019లో హిందీ నేర్చుకున్నాయి. తెలుగులో ఆజ్ఞలు తీసుకునే సెట్టింగ్ ఇవ్వలేదు. ఫోనులో గూగుల్‌కి తెలుగు వస్తుంది, గూగుల్ స్పీకర్‌కి రాదు. గదికి, లైటుకి ‘హాల్’, ‘కిచెన్’ లాంటి పేర్లు పెట్టి, రెండు మూడు మాటలు అలవాటు చేయించొచ్చు. మా ఇంట్లో ప్రయత్నించాను. వారం తర్వాత అమ్మ లేచి వెళ్లి స్విచ్ వేయడమే తేలికంది. ఆవిడ ఇబ్బంది చీకట్లో లేవడమే అయితే కదలికని పసిగట్టే సెన్సర్ లైటు పెట్టించండి, దానికి ఏ భాషా అక్కర్లేదు.

ఆరాకాస్ట్ అని ఒక స్టాల్‌లో టీవీ శబ్దాన్ని ఒకేసారి పదిమంది ఇయర్‌బడ్స్‌లో వినిపించారు. నాన్నగారు వినికిడి యంత్రం వాడతారు. ఆయనకి పనికొస్తుందా? – దిల్‌సుఖ్‌నగర్

ఆ ప్రదర్శన మొత్తంలో నాకు నిజంగా ఉపయోగం కనిపించిన వస్తువు ఇదే. మామూలు బ్లూటూత్ ఇద్దరి మధ్య ఫోన్ కాల్ లాంటిది. ఆరాకాస్ట్ రేడియో స్టేషన్ లాంటిది, ఎంతమందైనా వినొచ్చు. నాన్నగారు తనకి కావాల్సినంత సౌండ్ పెట్టుకుంటారు, హాల్లో టీవీ మీకు కావాల్సినంతే ఉంటుంది.

పెట్టె మీద బ్లూటూత్ 5.2 అనో 5.3 అనో ఉంటే సరిపోదు. దీనికి కావాల్సిన ఎల్ఈ ఆడియో (బ్లూటూత్‌లో శబ్దం పంపే కొత్త పద్ధతి) ఆ అంకెల్లో తప్పనిసరి భాగం కాదు. ఆరాకాస్ట్ అని విడిగా రాసి ఉండాలి, పంపే టీవీకీ అందుకునే యంత్రానికీ రెండింటికీ. టీవీలో లేకపోతే బయట నుంచి తగిలించే ట్రాన్స్‌మిటర్లు ఉన్నాయి, కానీ ముందు అది కొనకండి. వినికిడి యంత్రం ఇచ్చిన క్లినిక్‌కి ఫోన్ చేసి, మోడల్ నంబరు చెప్పి, ‘ఇందులో ఆరాకాస్ట్ ఉందా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో వస్తుందా’ అని అడగండి. కొన్ని మోడళ్లకి అప్‌డేట్‌తోనే వస్తుంది, అప్పుడు మీకు ట్రాన్స్‌మిటర్ ఖర్చు ఒక్కటే.